పందుల కావలికి రైఫిల్ మీద ఏ స్కోప్ పెట్టాలె?

అచ్చంపేట, దేవరకొండ పక్క గుట్టలంచున మక్క కంకి పాలు పోసుకునే వేళకు, పల్లికాయ గింజ కట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రి మంద పడితే తెల్లారేసరికి అరెకరం మక్క నేలమట్టం. కంచెకు కరెంటు తీగ కట్టడం నేరం. దానికి పందుల కన్నా ముందు మనుషులు, గొడ్లు బలైపోతున్నాయి. అందుకే అనుమతి తీసుకుని షూటర్‌ను పిలిపించుకునే ఊళ్లు పెరిగాయి. ఆ షూటర్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి .315 స్పోర్టింగ్ రైఫిల్, .30-06 రైఫిల్ (ఆ అంకెలు తూటా రకాన్ని చెప్పేవి). వాటి మీద గురి చూడటానికి పెట్టే అద్దాల గొట్టం, అంటే స్కోప్ గురించే ఈ పోస్టు.

ముందుగా ఒక మాట. అడవిపందిని ఎవరంటే వాళ్లు కాల్చడానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి పత్రం ఉండాలి, ఆయుధానికి లైసెన్స్ ఉండాలి, పత్రంలో రాసిన ఊరు, గడువు దాటకూడదు. జింక, దుప్పి, కుందేలు ఈ లెక్కలోకి రావు. థర్మల్, నైట్‌విజన్ స్కోపుల ముచ్చట ఇక్కడ తీయడం లేదు. వాటి మీద మనసున్నవాళ్లు కొనకముందే లైసెన్స్ ఇచ్చే ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఇక్కడ చెప్పేది మామూలు అద్దాల స్కోప్, అదీ మధ్యరకం ధరది. అంటే అమెరికాలో 150 నుంచి 400 డాలర్ల మధ్య దొరికే సరుకు. మన దగ్గరికి వచ్చేసరికి దాని రేటు ఎంత పెరుగుతుందో డీలర్‌ను బట్టి ఉంటుంది.

ఈ ధరలో జనం చేసే పెద్ద పొరపాటు ఒక్కటే. పెద్ద నంబరు చూసి కొంటారు. 6-24×50 అని రాసి ఉంటే 3-9×40 కన్నా గొప్పదనుకుంటారు. ముందు రెండు అంకెలు ఎన్ని రెట్ల నుంచి ఎన్ని రెట్ల దాకా పెంచి చూపుతుందో చెబుతాయి, చివరిది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. మన చేన్లలో మాత్రం తూటా పోయే దూరం 30 నుంచి 80 మీటర్లు. మంచె మీద నుంచి చేను అవతలి గట్టు దాకా లెక్కేసినా 100 దాటడం అరుదు. ఆ దూరానికి 24 రెట్లు పెంచి చూపే అద్దం పనికిరాదు, పైగా అడ్డం పడుతుంది.

ఎట్లా అడ్డం పడుతుందో చూడండి. 3-9×40 స్కోప్‌ను 9 మీద పెడితే 100 మీటర్ల దూరంలో సుమారు 4 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 3 మీద పెడితే సుమారు 11 మీటర్లు. ఇప్పుడు పంది 40 మీటర్లలో నిలబడ్డదనుకోండి. 9 మీద కనిపించేది మీటరున్నర వెడల్పు మాత్రమే. అంటే పెద్ద మగపంది ఒక్కటే అద్దం నిండా. ఎటు తల, ఎటు తోక అని తెలిసేలోపు అది రెండడుగులు వేసి అద్దంలోంచి పోతుంది. చీకటి పడ్డాక అయితే గోధుమ, నలుపు వెంట్రుకలు తప్ప ఏమీ కనపడవు. దాని వెనక పిల్లలున్నాయా, పక్క చేను కావలి మనిషి ఉన్నాడా అన్నది అసలే కనపడదు. అదే 3 మీద పెడితే 40 మీటర్లలో నాలుగు మీటర్లకు పైగా కనిపిస్తుంది. మంద మొత్తం, దాని చుట్టూ చేను అన్నీ కంటిముందు ఉంటాయి.

కాబట్టి కింది నంబరు ముందు చూడాలి. కింద 1, 2 లేదా 3 ఉంటే చేను పనికి వస్తుంది. 4 ఉంటే సర్దుకోవచ్చు. 6 నుంచి మొదలయ్యే స్కోప్‌ను షూటింగ్ రేంజిలో కాగితపు గురి మీద కాల్చేవాళ్లకు ఉంచేయండి.

రెండో సంగతి వెలుతురు. పందులు పొద్దూకినాక, తెల్లారగట్ల తిరిగే జంతువులు. స్కోప్ వెనక నుంచి కంటికి వచ్చే కాంతి ఒక చిన్న గుండ్రటి పుంజంగా వస్తుంది. దాని వెడల్పు తెలుసుకోవడం సులువు. ముందు అద్దం మిల్లీమీటర్లను రెట్లతో భాగించాలి. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. 40ని 6తో భాగిస్తే 6.7 మి.మీ. 50ని 24తో భాగిస్తే 2.1 మి.మీ. చీకట్లో పాతికేళ్ల మనిషి కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, యాభై దాటినవాళ్లది 5 దగ్గర ఆగిపోతుంది. పుంజం కంటిపాప కన్నా సన్నగా ఉంటే బొమ్మ మసకేస్తుంది. అందుకే మునిమాపు వేళ 3-9×40ను 5, 6 దగ్గర ఉంచితే చాలు. 2-7×33ను 5 మీద పెట్టినా 6.6 మి.మీ. వస్తుంది, కాబట్టి చిన్న అద్దమని దాన్ని తీసిపారేయనక్కర్లేదు. 1-4×24 కూడా 4 మీద 6 మి.మీ. ఇస్తుంది.

50 మి.మీ. అద్దం ఎక్కువ వెలుతురు పట్టేమాట నిజమే. పట్టిన వెలుతురు కంట్లోకి పోవాలి కదా? 6 రెట్ల మీద 50 మి.మీ. అద్దం ఇచ్చేది 8.3 మి.మీ. పుంజం. అంత తెరుచుకునే కన్ను దాదాపు ఎవరికీ ఉండదు. పైగా పెద్ద అద్దానికి ఎత్తు రింగులు (స్కోప్‌ను పట్టి ఉంచే కడియాలు) కావాలి. స్కోప్ పైకి పోతే చెంప స్టాక్ (తుపాకీ వెనక చెక్క) మీద ఆనదు, మెడ లేపి చూడాల్సి వస్తుంది. .315 స్టాక్ కిందటి రోజుల ఇనుప సైట్లకు తగ్గట్టు కిందకే ఉంటుంది, దాని మీద ఎత్తు స్కోప్ పెడితే గురి ప్రతిసారీ ఒకలా కుదరదు. 40 మి.మీ. చాలు. దాంతో కూడా చెంప ఆనకపోతే స్టాక్ మీద తోలు ప్యాడ్ కట్టుకోవాలి.

వెలుతురు సగం అద్దం సైజులో ఉంటే, సగం పూతలో ఉంది. పూతలేని అద్దం మీద ప్రతి ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. లోపల పది ఉపరితలాలు ఉంటే మూడోవంతు కాంతి దారిలోనే పోయినట్టు. మంచి పూత ఉంటే ప్రతి దగ్గర అర శాతం పోతుంది, మొత్తం మీద అయిదు శాతానికి మించి పోదు. డబ్బా మీద "ఫుల్లీ మల్టీకోటెడ్" అని ఉందో లేదో చదవాలి. "కోటెడ్" అని ఒక్క మాటే ఉంటే ఒకటో రెండో అద్దాలకు ఒక పొర పూశారనే అర్థం. ముందు అద్దం కెంపు రంగులో మెరిసే స్కోపులు బజార్లో చాలా కనిపిస్తాయి. ఆ మెరుపు అందంగా ఉంటుంది, అంతే. అద్దం ఎర్రగా కనిపిస్తుందంటే ఎర్ర కాంతిని బయటికి తిప్పికొడుతోందన్నమాట. లోపల చూస్తే బొమ్మ ఆకుపచ్చగా, మసకగా ఉంటుంది. మునిమాపు వేళకు అది అన్నిటికన్నా ముందు చీకటైపోతుంది.

క్రాస్‌హెయిర్, అంటే గురి కోసం అద్దంలో కనిపించే అడ్డం, నిలువు గీతల గురించి ఎక్కువసేపు ఆలోచించాలి, ఎందుకంటే జనం దీని మీద తక్కువ ఆలోచిస్తారు. మధ్యలో సన్నగా, అంచుల్లో లావుగా ఉండే డ్యూప్లెక్స్, లేదా మూడు వైపులా లావు పట్టీలుండే జర్మన్ నంబర్ 4, ఈ రెండే చేనుకు పనికొచ్చేవి. చీకట్లో మధ్య గీత మాయమైనా లావు పట్టీల మధ్య ఖాళీ ఎక్కడుందో కన్ను పట్టుకుంటుంది. గీతల మీద చుక్కలుండే మిల్‌డాట్, చెట్టు కొమ్మల్లా గీతలుండే కొత్త రకాలు పగటి పూట ముచ్చటగా ఉంటాయి, మాపటేళకు నల్ల పంది మీద దారప్పోగులా కలిసిపోతాయి. కిందకి చుక్కలు పెట్టి "దూరం పెరిగితే ఈ చుక్కతో కొట్టు" అనే బీడీసీ రకానికి డబ్బు పెట్టొద్దు. ఆ చుక్కలు వేగంగా పోయే తూటాలకు, 200 మీటర్లు దాటిన దూరాలకు లెక్కేసి పెట్టినవి. .315 తూటా బరువైనది, మెల్లగా పోతుంది, ఆ చుక్కలకు దాని దారి సరిపోదు. అందులోనూ ఎక్కువ మోడళ్లలో ఆ లెక్క రెట్లు చివరికి తిప్పినప్పుడు మాత్రమే నిజం.

మధ్యలో వెలిగే చిన్న ఎర్ర చుక్క ఉన్నది దొరికితే తీసుకోండి, కానీ అన్నిటికన్నా తక్కువ వెలుగు ఎంత ఉందో చూడండి. చీకటి గదిలో కనిష్ఠం మీద పెట్టినా కళ్లు జిగేల్‌మనేలా ఉంటే ఆ వెలుగు పంది మీద పడ్డట్టు అనిపించి పంది కనిపించదు. వెలుగు మెట్ల మధ్య "ఆఫ్" గడి ఉండటం మంచిది, ఒక్క క్లిక్‌తో వెలిగించుకోవచ్చు. దాదాపు అన్నిట్లో సీఆర్2032 బటన్ సెల్ పడుతుంది. ఒకటి జేబులో ఉండాలి. సెల్ అయిపోయినా నల్ల గీత కనిపించే స్కోప్ మాత్రమే కొనాలి.

ఫస్ట్ ఫోకల్, సెకండ్ ఫోకల్ (గీతను స్కోప్ లోపల ముందు పక్క పెట్టారా, వెనక పక్క పెట్టారా) అనే గొడవ చేను దూరాలకు అక్కర్లేదు. సెకండ్ ఫోకల్‌లో రెట్లు తగ్గించినా గీత లావు అలాగే ఉంటుంది, కాబట్టి అదే మనకు మేలు. ఫస్ట్ ఫోకల్‌లో రెట్లు తగ్గిస్తే గీత కూడా సన్నబడుతుంది, సరిగ్గా చీకట్లో కావలసినప్పుడే కనపడకుండా పోతుంది.

ఇక కంటికీ స్కోప్‌కూ మధ్య దూరం. .30-06 వెనక్కి గట్టిగా తన్నుతుంది. వెనక అద్దం నుంచి కన్ను కనీసం 9 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా బొమ్మ నిండుగా కనిపించాలి. అంతకన్నా దగ్గరికి పోవాల్సి వచ్చే స్కోప్ కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో కోస్తుంది. కింద నుంచి గుట్ట పైకి కాల్చేటప్పుడు భుజం వెనక్కి ఒరుగుతుంది, అప్పుడే ఈ దెబ్బలు ఎక్కువ. ఈ దూరం రెట్లు పెంచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి గరిష్ఠ రెట్ల మీద కొలిచిన అంకె చూడాలి. మంచెలో కూర్చుని కిందకి కాల్చేటప్పుడు మెడ ముందుకు పోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

పారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే గీత కూడా గురి మీద జరిగినట్టు కనిపించడం) అనే మాట విని కొందరు పక్కన చక్రం ఉన్న ఖరీదైన మోడల్‌కు పోతారు. మామూలు స్కోప్ 100 గజాలకు, అంటే 91 మీటర్లకు స్థిరంగా పెట్టి వస్తుంది. దాంతో 45 మీటర్ల దూరం చూస్తూ, కన్ను అద్దం అంచుదాకా పక్కకు జరిగినా తూటా తేడా సుమారు 1 సెంటీమీటర్. పంది ముంగాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ ఒక్క సెంటీమీటర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. ఎయిర్‌గన్ మీద అదే స్కోప్ పెట్టి 10 మీటర్లలో కాలిస్తే తేడా 2 సెంటీమీటర్ల దాకా పోతుంది, అక్కడ మాత్రం ముందు అద్దం చుట్టూ దూరం సర్దే రింగు తప్పనిసరి. స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కు ఇంకో తంటా ఉంది. అది వెనక్కి తన్ని, వెంటనే ముందుకు తన్నుతుంది. వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా చేసిన రైఫిల్ స్కోప్ లోపలి అద్దాలు ఈ ముందు దెబ్బకు వదులవుతాయి. "ఎయిర్‌గన్ రేటెడ్" అని లేని స్కోప్‌ను దాని మీద పెట్టొద్దు.

ట్యూబు 1 అంగుళమా, 30 మి.మీ.లా? 30 మి.మీ. ట్యూబు ఎక్కువ వెలుతురు తెస్తుందన్నది పుకారు. అది తెచ్చేది పైకి కిందకి జరిపే చోటు మాత్రమే. 100 మీటర్ల పనికి ఒక అంగుళం చాలు. రింగులు మాత్రం ట్యూబు సైజుకు సరిగ్గా ఉండాలి. 25.4 మి.మీ. ట్యూబును 30 మి.మీ. రింగులో కాగితం చుట్టి బిగించిన స్కోప్ పది తూటాల్లో జరిగిపోతుంది.

ఇప్పుడు పేర్లు. లియుపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9×40 సుమారు 350 గ్రాములు, ఈ ధరలో తేలికైన వాటిలో ఒకటి. కన్ను వెనక ఉంచే దూరం బాగుంటుంది, .30-06 ఉన్నవాళ్లకు ముందు చెప్పే పేరు ఇదే. వోర్టెక్స్‌లో క్రాస్‌ఫైర్ 2 చవక, డైమండ్‌బ్యాక్ ఒక మెట్టు పైన. అద్దం తేడా పగలు కనపడదు, పొద్దూకాక పావుగంట దగ్గర కనపడుతుంది. ఆ పావుగంటే మనకు కావలసింది కాబట్టి డైమండ్‌బ్యాక్‌కే ఓటు. వోర్టెక్స్ జీవితకాలపు గ్యారంటీ బిల్లు లేకపోయినా, చేతులు మారినా చెల్లుతుందని కంపెనీ చెబుతుంది. కానీ మన దగ్గర నుంచి స్కోప్‌ను దేశం దాటించి పంపి, తిరిగి తెప్పించుకోవడం చిన్న పని కాదు. ఆ గ్యారంటీకి ఇక్కడ ఎవరు జవాబుదారీ అన్నది అమ్మే డీలర్‌తో రాయించుకోకపోతే అది డబ్బా మీద అచ్చు మాత్రమే. బర్రిస్ ఫుల్‌ఫీల్డ్ గట్టి సరుకు. హాక్‌లో ఎయిర్‌గన్‌కు, .22కు సరిపోయే మోడళ్లు ఎక్కువ. నైకాన్ ప్రోస్టాఫ్ పాతవి చేతులు మారుతూ దొరుకుతాయి, అద్దం మంచిదే, కానీ ఆ కంపెనీ రైఫిల్ స్కోపులు చేయడం మానేసింది. రిపేరు సంగతి ముందే కనుక్కుని కొనాలి.

నకిలీలు ఉన్నాయి, జాగ్రత్త. పేరు గొప్ప కంపెనీది, అక్షరాల్లో ఒకటి తేడా, డబ్బాలో సీరియల్ నంబరు ఉండదు, రేటు సగం. అలాంటిది పగిలిపోతే డబ్బు పోయిందని సర్దుకోవచ్చు. పగలకుండా గురి జరిపేస్తే గాయపడ్డ పంది చేన్లోకి పోతుంది, దాని వెనక మనిషి పోవాలి.

కొనే ముందు దుకాణంలో చేయాల్సిన పరీక్షలు డబ్బా మీద రాతల కన్నా ఎక్కువ చెబుతాయి. ట్యూబులైటు కింద ఏ స్కోపైనా బాగుంటుంది. సాయంత్రం ఆరు తర్వాత పోయి, తలుపు దగ్గర నిలబడి, రోడ్డవతల నీడలో ఉన్న గోడ మీది చిన్న రాతలు చదవండి. రెండు స్కోపులను ఒకే రెట్ల మీద పెట్టి, ఒకటి చూసిన వెంటనే ఇంకోటి చూస్తేనే తేడా తేలుతుంది. తర్వాత తలను కొంచెం ముందుకు వెనక్కి, పక్కలకు జరపండి. వెంటనే నల్లటి చంద్రవంక అడ్డం వస్తే కన్ను కుదిరే చోటు ఇరుకుగా ఉందని అర్థం, చీకట్లో హడావిడిలో ఆ చోటు దొరకదు.

టరెట్ (గీతను పైకి కిందకి, పక్కలకు జరిపే గుబ్బ) మూత తీసి తిప్పితే ప్రతి క్లిక్ వేలికి విడివిడిగా తగలాలి. మెత్తటి బురదలో తిప్పినట్టుంటే వద్దు. ఒక చివర నుంచి ఇంకో చివరదాకా క్లిక్కులు లెక్కపెట్టి, సగం వెనక్కి తిప్పితే మధ్యకు వస్తుంది. ఇంకో తీరు ఉంది. స్కోప్ ముందు భాగాన్ని అద్దానికి ఆనించి, తక్కువ రెట్ల మీద చూడండి. గీతలు రెండుగా కనిపిస్తే మధ్యలో లేదు. క్లిక్కులు తిప్పుతూ పోతే రెండూ ఒకటిగా కలుస్తాయి, అదే మధ్య. రైఫిల్ మీద పెట్టేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. చివరగా రెట్ల రింగు తిప్పుతూ దూరంలో ఒక చుక్క మీద గీత పెట్టి చూడండి. రెట్లు మారేటప్పుడు గీత చుక్కను వదిలి జరిగితే ఆ స్కోప్‌ను అక్కడే వదిలేయాలి. టరెట్లకు మూతలు ఉన్నవే తీసుకోండి. బయటికి తెరిచి ఉండేవి తుమ్మకంపలో, జీపు సీటులో రాసుకుని తిరిగిపోతాయి, మీకు తెలియదు.

డబ్బును ఎట్లా పంచాలంటే, స్కోప్ మీద పెట్టాలనుకున్న దాంట్లో నాలుగోవంతు మౌంటుకు (రైఫిల్ మీద రింగులు కూర్చునే పట్టాకు), రింగులకు పక్కన పెట్టండి. మౌంటు పని తప్పితే అద్దం ఎంత మంచిదైనా లాభం లేదు. .315 రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ అనే పాత సైనిక రైఫిల్ యాక్షన్ (తూటా పెట్టి పేల్చే భాగం) మీద కట్టింది, ఎక్కువ వాటికి స్కోప్ కోసం రంధ్రాలు ఉండవు. ఆ పని లైసెన్సున్న గన్‌స్మిత్ చేయాలి. రిసీవర్ (బోల్ట్ కూర్చునే భాగం) ఉక్కు గట్టిది, వెల్డింగ్ షాపులో డ్రిల్ పెట్టిస్తే బిట్ విరగడం ఒక్కటే కాదు, వేడికి ఉక్కు పదును పోతే ఆ రైఫిల్ మీదే అపనమ్మకం. ఇనుప సైట్లు తీయించొద్దు. స్కోప్ మీద మంచు పట్టినా, పగిలినా అవే దిక్కు. పై నుంచి తూటాల పట్టీతో లోడు చేసే అలవాటున్నవాళ్లు స్కోప్ ఆ దారిని మూసేస్తుందని గుర్తుంచుకోవాలి, ఒక్కొక్కటిగా పెట్టుకోవాల్సి వస్తుంది.

పికటినీ, వీవర్ పట్టాలు చూడ్డానికి ఒకటే, గాడి వెడల్పు వేరు. పికటినీ గాడి 0.206 అంగుళం, వీవర్ది 0.180. పికటినీ రింగు వీవర్ పట్టాలో కూర్చోదు. వీవర్ రింగు పికటినీలో కూర్చుంటుంది గాని కొంచెం ఆడుతుంది, అందుకే బిగించే ముందు రింగును ముందుకు, అంటే బ్యారెల్ వైపు నెట్టి ఆనించి బిగించాలి. తన్నినప్పుడు రైఫిల్ వెనక్కి పోతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండబోతుంది. అంటే రింగు ముందుకు జరగాలని చూస్తుంది. ముందే ఆనించి ఉంటే జరగడానికి చోటు ఉండదు. బరువైన స్కోప్ ఎందుకు ఎక్కువ జరుగుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

బిగింపు చేతి బలంతో కాదు, ఎంత బలంతో బిగిసిందో కొలిచే టార్క్ రెంచితో. రింగుల పై స్క్రూలకు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, అంటే దాదాపు 2 న్యూటన్-మీటర్లు. దాటితే ట్యూబు నొక్కుకుపోయి లోపలి భాగాలు పట్టేస్తాయి, రెట్ల రింగు గట్టిపడుతుంది, క్లిక్కులు పలకవు. పట్టా అడుగు స్క్రూలకు నీలం లాక్‌టైట్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) ఒక చుక్క పెట్టాలి. రింగు పై స్క్రూలకు పెట్టొద్దు, అది నూనెలా పనిచేసి అదే టార్క్ మీద ఎక్కువ బిగిసేలా చేస్తుంది. స్క్రూలను ఎదురెదురుగా, మూల మార్చి మూల కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి, రెండు పక్కల సందు సమానంగా ఉండాలి.

గీత నిటారుగా పెట్టడానికి మేస్త్రీ గుండుదారం చాలు. ఇరవై మీటర్ల అవతల వేపకొమ్మకు వేలాడదీయండి. రైఫిల్‌ను స్పిరిట్ లెవెల్‌తో సమంగా పెట్టి, నిలువు గీతను దారం మీద కలిపి, అప్పుడు పై స్క్రూలు బిగించాలి. బిగించేటప్పుడు ట్యూబు కొంచెం తిరుగుతుంది, అందుకే చివరి సగం చుట్టులో మళ్లీ చూడాలి.

తూటాలకు ఏటా కోటా ఉంటుంది, వృథా చేసే వీలు లేదు. అందుకే జీరో చేసే (తూటా గీత మీదే పడేలా సర్దే) ముందు బోల్ట్ (తూటా పెట్టి మూసే కడ్డీ) తీసి, వెనక నుంచి బ్యారెల్‌లో చూస్తూ 25 మీటర్ల దగ్గర పెట్టిన నల్ల చుక్కను మధ్యకు తెచ్చుకోండి. రైఫిల్ కదలకుండా ఇసుక నింపిన యూరియా సంచుల మీద ఉంచి, టరెట్లు తిప్పి గీతను అదే చుక్క మీదకు తేవాలి. ఇంత చేస్తే మొదటి తూటా కాగితం మీద పడుతుంది. ఇదంతా అనుమతి ఉన్న రేంజిలోనే.

తర్వాత లెక్క. ఎక్కువ స్కోపుల్లో ఒక క్లిక్ అంటే పావు ఎం.ఓ.ఏ. (డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని ఎం.ఓ.ఏ. అంటారు). అది 100 మీటర్ల దగ్గర 7.3 మి.మీ., 50 దగ్గర 3.6, 25 దగ్గర 1.8. మూడు తూటాలు కాల్చి వాటి మధ్యను కొలవండి. 50 మీటర్ల దగ్గర 6 సెం.మీ. కిందా, 3 సెం.మీ. ఎడమకూ పడ్డాయనుకోండి. 60ని 3.6తో భాగిస్తే 17 క్లిక్కులు పైకి. 30ని భాగిస్తే 8 క్లిక్కులు కుడికి. ఒక్క తూటా చూసి తిప్పేవాళ్లు రోజంతా తిప్పుతూనే ఉంటారు. మూడు కాల్చి, బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక మళ్లీ మూడు. తిప్పిన తర్వాత మొదటి తూటా పాత చోటే పడి, రెండోది కొత్త చోటికి పోతే లోపలి స్ప్రింగు బలహీనమని గుర్తు. అలాంటి స్కోప్‌ను వెనక్కి ఇచ్చేయాలి.

స్కోప్ మధ్యగీత బ్యారెల్ కన్నా సుమారు 4 సెం.మీ. పైన ఉంటుంది. 100 మీటర్లకు జీరో చేస్తే 25 మీటర్ల దగ్గర .30-06 తూటా సెంటీమీటరు, సెంటీమీటరున్నర కింద పడుతుంది, 50, 75ల దగ్గర దాదాపు గీత మీదే ఉంటుంది. అంటే 100 లోపు ఎక్కడైనా నేరుగా గురిపెట్టొచ్చు. జీరో అయ్యాక 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందకి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతి మూల ఒక్కో తూటా కాలిస్తే 50 మీటర్ల దగ్గర 7.3 సెం.మీ. భుజం ఉన్న చదరం రావాలి, చివరిది మొదటి చోటే పడాలి. అయిదు తూటాల ఖర్చు. ఆ చదరం వంకరగా వస్తే ఆ స్కోప్‌ను నమ్మి చేన్లోకి పోవద్దు.

స్కోప్‌ను దుర్భిణిలా వాడే అలవాటు చాలామందికి ఉంది, అది ప్రాణం తీసే అలవాటు. మక్కచేన్లో ఆకు కదిలిందని స్కోప్‌లో చూశారంటే ఆ కదిలినదాని మీద తుపాకీ పెట్టినట్టే. అక్కడ ఉన్నది కావలికి పడుకున్న మనిషి కావచ్చు. చూడటానికి మెడలో 8×42 బైనాక్యులర్ ఉండాలి, పందేనని తేలాకే రైఫిల్ భుజానికి రావాలి. ఇంకొకటి, మన దగ్గర చేను పక్కనే బండరాయి ఉంటుంది. గ్రానైటు మీద తగిలిన తూటా ఎటు లేస్తుందో చెప్పలేం. మంచె మీద నుంచి కిందకి, తూటా మట్టిలో దిగేలా కాల్చే కోణం ఉంటేనే కాల్చాలి.

అద్దం తుడిచే తీరు చెప్పి ముగిస్తాను. ఎర్రచెలక దుమ్ము కంటికి పొడిలా కనిపిస్తుంది, దాంట్లో సన్నటి ఇసుక రవ్వ ఉంటుంది. కండువా కొసతో ఒక్కసారి గుండ్రంగా తుడిచారంటే ఆ రవ్వ పూత మీద వెంట్రుకంత గీతలు గీస్తుంది. పగలు కనపడవు, ఎదురుగా చంద్రుడో వీధిలైటో ఉన్నప్పుడు అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ముందు రబ్బరు బల్బుతో గాలి కొట్టాలి, తర్వాత మెత్తటి కుంచె, చివరికి లెన్స్ ద్రవం చుక్క వేసిన మైక్రోఫైబర్ గుడ్డ, మధ్య నుంచి అంచుకు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. వానాకాలం రెక్సిన్ కవరులో మూసిపెడితే అద్దం మీద సాలెగూడులా బూజు పడుతుంది, అది పూతను తినేస్తుంది. గాలాడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద వేడిచేసి మళ్లీ వాడుకోవాలి. స్క్రూల తలల నుంచి రింగు మీదికి గోళ్ల రంగుతో ఒక సన్న గీత పెట్టుకోండి. ప్రతి పంట ముందు రైఫిల్ బయటికి తీసినప్పుడు ఆ గీత రెండు ముక్కలుగా కనిపిస్తే స్క్రూ తిరిగింది, బిగించి మళ్లీ జీరో చూడాలి.